పిల్లికి చదివి వినిపించిన దస్తావేజు

మంగళవారం పొద్దున పదకొండుంబావుకి, నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఉన్న పాత పత్తిమిల్లు గోడౌనులో, ఒక ఇనప బీరువా వెనక నుంచి పంజా ఒకటి బయటికొచ్చి దస్తావేజు రైటరు షేక్ బాజీ గారి ముక్కును ఈ కొస నుంచి ఆ కొసకు గీరి, మళ్ళీ లోపలికి పోయింది. నెత్తురు మీసం మీదికి దిగింది. సుశీల టీచరు అయోడిన్ సీసా కోసం పరుగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి బాజీ గారు నేల మీద చతికిలబడి, తొడ మీద ఫైలు పెట్టుకుని, దాని మీద తెల్లకాగితం పెట్టుకుని ఏదో రాస్తున్నారు.

"ఏందండీ ఆ రాత? ముందు ముక్కు ఇటు తిప్పండి."

"ఒక్క నిమిషం టీచరమ్మా. హద్దులు అయిపోవచ్చినయ్."

ఆమె తొంగి చూసింది. కాగితంలో ఇలా ఉంది: "తూర్పు: ఎడమ చెంప. పడమర: కుడి చెంప. ఉత్తరం: కళ్ళజోడు. దక్షిణం: మీసం. ఈ నాలుగు హద్దుల నడుమ సుమారు అంగుళమున్నర పొడవు గల గీరుడు ఒకటి. సదరు గీరుడు నా తొందరపాటు వల్లనే గాని పిల్లి యొక్క దురుద్దేశం వల్ల కలిగినది కాదని, నా పూర్తి తెలివితో, ఒకరి బలవంతం లేకుండా రాసి ఇచ్చుట."

అయోడిన్ తగలగానే ఆయన కెవ్వుమన్నారు. కెవ్వుమంటూనే రెండో సాక్షి దొరుకుతాడేమోనని చుట్టూ చూశారు.

బాజీ గారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే. లోకంలో ఏం జరిగినా దానికో కాగితం ఉండాలి. కాగితానికి నాలుగు హద్దులూ ఇద్దరు సాక్షులూ ఉండాలి. అన్నిటికీ మించి, సంతకం పెట్టేముందు దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా పైకి చదివి వినిపించాలి. ముప్ఫై ఆరేళ్ళుగా రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచలో కూర్చుని ఇదే పని చేస్తుంటే, అది ఆఫీసు గేటు దగ్గర ఆగక ఆయన వెంట ఇంటికి కూడా వచ్చేసింది.

ఓసారి పక్కింటాయన సున్నం వేసుకుందామని నిచ్చెన అడిగాడు. బాజీ గారు లేదనలేదు, ఆయన ఎవరికీ ఏదీ లేదనరు. రెండు పేజీలు రాశారు. "పదకొండు మెట్లు గలది, అందు నాలుగవది కదులును, ఆ సంగతి పుచ్చుకున్నవారికి తెలియపరచడమైనది" అంటూ చదివి వినిపించారు. ఎండలో నిలబడి అంతా విని, సంతకం పెట్టి, నిచ్చెన భుజానేసుకుని ఇంటికెళితే బకెట్లో సున్నం గడ్డకట్టి ఉంది.

ఆయన భార్య రబియా మూడు రోజులకని పుట్టింటికి పోతుంటే వంటగదికి తాత్కాలిక స్వాధీన పత్రం రాసి ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. తిరిగొచ్చాక ఆమె ఆ కాగితమే పట్టుకుని వంటింట్లో నిలబడింది. "చింతకాయ తొక్కు జాడీ ఒకటి, నిండుగా ఉన్నది అని రాశావు. ఇప్పుడు సగమే ఉంది. దీనికి సాక్షులెవరు?" అంది. ఆ పూట బాజీ గారు అన్నంలో తొక్కు వేసుకోలేదు.

ఇక ఆ చదవడం సంగతి. అందులో ఎత్తు లేదు, పల్లం లేదు, ఆగడం లేదు. గూడ్సుబండి పోతున్నట్టు ఒకటే వరస. పొలం పంపకాలకని ఒకసారి అన్నదమ్ములిద్దరు చెరో పదిమందిని వెంటేసుకుని, కర్రలతో సహా వచ్చారు. నాలుగో పేజీకి కర్రలు గోడకి ఆనించారు. ఏడో పేజీకి తమ్ముడు అన్న భుజం మీద తలపెట్టి గుర్రు కొడుతున్నాడు. పక్క పంచల్లో కుర్ర రైటర్లు కంప్యూటరు మీద పది నిమిషాల్లో నాలుగు దస్తావేజులు లాగి అవతల పారేస్తుంటే, బాజీ గారు గంటకొకటి చదివేవారు. రాసింది ఎవరైనా సరే, చదివించుకోవడానికి ముసలీముతకా మాత్రం ఈయన పంచకే వచ్చేవాళ్ళు.

సుశీల టీచరు గవర్నమెంటు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఈలను స్కూలుకి తిరిగి ఇవ్వలేదు. పత్తిమిల్లు గోడౌను అద్దెకి తీసుకుని ఊళ్ళో దిక్కులేని జంతువులన్నిటినీ చేరదీసింది. ఇరవై మూడు కుక్కలు, అయిదు పిల్లులు, ఒక గాడిద. ఆ గాడిద ఎవరిదో ఎవరికీ తెలీదు, పొద్దునొచ్చి సాయంత్రం పోయేది. గోడౌను లీజు కాగితం తిరగరాయించడానికి ఆ మంగళవారం ఆమె బాజీ గారిని పిలిపించింది. అదే ఆమె చేసిన పొరపాటు.

లీజు రాస్తూ రాస్తూ ఆయన ఫైల్లోంచి ఇంకో కాగితం బయటికి లాగారు.

"ఇదేంది టీచరమ్మా?"

"సరెండర్ ఫారం అండీ. పెంచుకునేవాళ్ళు ఇంక మావల్ల కాదనుకుంటే అది నింపి మాకు అప్పజెప్పి పోతారు. ఆ బీరువా ఎనకాల పిల్లిది అది."

"పిల్లి పేరు అన్నచోట 'పిల్లి' అని రాసుంది."

"ఆ మహానుభావుడికి బదిలీ అయిందంట. బండి మీద అట్టపెట్టెలో తెచ్చాడు. ఇంజనన్నా ఆపలేదు. ఆరు లైన్లు నింపి, సంతకం గీకి, పోయాడు. మూడేళ్ళు పెంచాడంట."

బాజీ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. వెనక కూడా ఏమీ లేదు. "హద్దుల్లేవు. సాక్షుల్లేరు. షరతుల్లేవు."

"పిల్లికి హద్దులేందండీ!"

"సరే, అది పోనీండి. ఇందులో ఏముందో దానికి ఎవరన్నా చదివి వినిపించారా?"

"దేనికి?"

"పిల్లికి."

సుశీల టీచరు పకపకా నవ్వింది. బాజీ గారు నవ్వలేదు. ఫారం పట్టుకుని, బీరువా దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, సందులోకి ముఖం పెట్టి చదవడం మొదలుపెట్టారు. మూడో లైనులో ఉండగా ముక్కు సంగతి జరిగింది.

ఆ పిల్లి వచ్చి అప్పటికి పదకొండు రోజులు. గోధుమరంగు మీద నల్ల చారలున్నాయని వచ్చిన రోజు చూసినవాళ్ళు చెప్పేవారు. తర్వాత ఎవరికీ కనపడలేదు. ఒక కుక్క మొరిగితే ఇరవై రెండు అందుకునే చోట అది బీరువాకీ గోడకీ మధ్య జానెడు సందులో దూరి, అన్నం ముట్టీ ముట్టక అలాగే ఉండిపోయింది. పశువుల డాక్టరమ్మ ఫాయిజా వచ్చి, చేతికి తువ్వాలు చుట్టుకుని పట్టి చూసింది.

"ఆంటీ, దీనికి రోగం లేదు. భయం. ఈ అరుపుల్లో ఇది తినదు. ఇప్పటికే సగం అయిపోయింది. రెండు వారాల్లో నెమ్మదైన ఇల్లు చూడండి. తర్వాత నా చేతిలో ఉండదు."

టీచరు వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫొటో పెట్టింది. చీకట్లో రెండు కళ్ళు తప్ప ఏమీ పడలేదు. "టార్చిలైట్లు అమ్ముతున్నారా మేడం?" అని ఒకడు అడిగాడు.

"ఇల్లు నేను చూస్తా, కాగితం నేను రాస్తా" అన్నారు బాజీ గారు, ముక్కు మీద పట్టీతో. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, బీరువా పక్కన స్టూలేసుకుని కూర్చునేవారు. రాసినంత మటుకు గట్టిగా చదివి వినిపించి, ఇంటికి పోయేవారు. కాగితంలో "సదరు పిల్లి, సదరు పిల్లి" అని రాసీ రాసీ, చదివీ చదివీ, మూడు రోజులకల్లా దాని పేరే సదరు అయి కూర్చుంది.

మొదట పెదకూరపాడు నుంచి లక్ష్మీనారాయణ గారొచ్చారు. మిర్చి రైతు, ఒకప్పటి సర్పంచి, వెనక నలుగురు మనుషులు.

"ఎలకలు పట్టిద్దా?" అన్నారాయన రావడం రావడంతోనే.

"ముందు మీ సంగతి చెప్పండి" అన్నారు బాజీ గారు, కలం తీసి. "మీ ఇంటికాడ టపాసులు కాలుస్తారా?"

"ఎలక్షను గెలిస్తే కాల్చమా ఏంది?"

"ఓడితే?"

"ఓడితే అవతలోళ్ళు మా వాకిట్లో కాలుస్తారు."

బాజీ గారు కలానికి మూత పెట్టేశారు. "ఓడినా గెలిచినా సదరుకి నష్టమే టీచరమ్మా. ఈ సంబంధం వద్దు."

"సంబంధమేంది నా మొహం, పిల్లికి!" అని లక్ష్మీనారాయణ గారు వెనకున్న నలుగుర్నీ వెంటేసుకుని వెళ్ళిపోయారు.

రెండోసారి హర్ష, భవిత అని కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. ఇద్దరూ ఫోన్లో వీడియోలు తీసి పెడుతుంటారు. పిల్లలు మంచివాళ్ళే. అప్పటికి దస్తావేజు తొమ్మిది పేజీలకి చేరింది. అన్నిటికీ సరే సరే అంటూ వచ్చారు. తొమ్మిదో పేజీలో బాజీ గారు "సదరు పిల్లికి టోపీ, కళ్ళజోడు, పట్టుపావడా మొదలగునవి తొడగరాదు" అని చదివారు.

భవిత ముఖం మాడిపోయింది. "పట్టుపావడా కూడానా అంకుల్? ఆల్రెడీ కుట్టించడానికిచ్చామే!"

"కొలతలు లేకుండానే?"

"కొబ్బరికాయ కొలత ఇచ్చాం."

"అయితే అది రద్దు చేయించాలి. ఎవరికిచ్చారు?"

"కుట్టుమిషను శాంతమ్మ గారికి. అయినా పావడా లేకపోతే మేమేం తీస్తాం అంకుల్, ఆ బీరువానా?" అని వాళ్ళూ పోయారు. బాజీ గారు తొమ్మిదో పేజీ అంచున శాంతమ్మ పేరు రాసుకుని పదో పేజీ మొదలుపెట్టారు.

అప్పటికి డాక్టరమ్మ ఇచ్చిన గడువులో ఎనిమిది రోజులు పోయాయి. సుశీల టీచరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఏందండీ ఇది? పిల్లి మనుషుల్ని చూసి దాక్కుంటది. మనుషులు మీ కాగితాన్ని చూసి పారిపోతారు. ఇంక ఈళ్ళిద్దర్నీ కలిపేదెట్టా? నాలుగు పేజీలతో అయిపోయేదాన్ని రోజుకో పేజీ పెంచుతున్నారు. అది చచ్చిపోయాక ఏం చేస్తారు, దానికీ హద్దులు రాస్తారా?"

బాజీ గారు తలొంచుకుని విన్నారు. "ఇయ్యాల్టి పేజీ చదివేసి పోతానమ్మా" అన్నారు.

ఆ మాటతో ఆమెకి ఇంకా మండింది. స్కూటీ తీసి నేరుగా వాళ్ళింటికెళ్ళింది, రబియాకి చెప్పి ఈ మనిషిని మాన్పించాలని. రబియా వెల్లుల్లి ఒలుస్తోంది. టీచరు చెప్పిందంతా విని, ఇంకో నాలుగు గెడ్డలు ముందుకి లాక్కుంది.

"మా పెళ్ళికి ముందు సంగతి టీచరమ్మా. ఈ మనిషి అప్పుడు పెద్ద రైటరు దగ్గర అసిస్టెంటు. వెల్దుర్తి నుంచి ఒక ముసలామె కాగితం మీద ముద్ర ఎయ్యడానికొచ్చింది. చదివి వినిపించాల్సింది ఈయనే. అన్నం ఏళ అయింది. 'చదివినట్టే లేమ్మా, ఎయ్యి' అన్నాడంట. ఏసింది. సాయంత్రం బస్సెక్కబోయే ముందు ఎనక్కొచ్చి, 'నాయనా, ఇంతకీ నేను దేని మీద ఏశాను?' అని అడిగింది. అప్పుడు తీసి చూస్తే, ఉన్న ఒక్క ఇల్లూ మరిదికి రాసిచ్చేసింది."

"అయ్యో!"

"ఆ ఇల్లు మళ్ళా ఆమెకి వచ్చిందాకా ఈ మనిషి ఆరేళ్ళు కోర్టుకి తిరిగాడు. వచ్చిందిలే. ఆమె మా పెళ్ళికి కూడా వచ్చి, కడుపునిండా తిని, నన్ను చూసి 'పిల్ల కాస్త నలుపు' అని పోయింది." రబియా వెల్లుల్లి పొట్టు ఊదింది. "అప్పట్నుంచి మందు సీసా మీద కాగితం కూడా పైకి చదవందే నన్ను మింగనియ్యడు. ఈయన చదవడం అయ్యేలోపు నాకు జరం తగ్గిపోయిద్ది."

సుశీల టీచరు గోడౌనుకి తిరిగొచ్చేటప్పటికి ఆరయింది. ఆమె ముందు గేటులోంచి వస్తే కుక్కలు ఎదురొచ్చి మొరుగుతాయి. ఎందుకో ఆ పూట వెనక తలుపు నుంచి వచ్చింది.

బాజీ గారు స్టూలు మీద కూర్చుని చదువుతున్నారు. "...సదరు పిల్లి పడుకొను చోట చీపురు ఆనించరాదు. చీపురును చూపి బెదిరించరాదు..." ఆయన చెప్పుల పక్కన సత్తుపళ్ళెంలో చేప అన్నం. బీరువా సందులోంచి సదరు సగం బయటికొచ్చి ఆ పళ్ళెంలో తల పెట్టి తింటోంది. అవతల షెడ్డులో ఒక కుక్క మొరిగింది. చెవులు వెనక్కి పోయాయి, కానీ తల పైకి లేవలేదు. బాజీ గారి గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

పదో పేజీ అయిపోయింది. ఆయన ఆగారు. పిల్లి టక్కున ఆగింది. ఆయన ఊపిరి కూడా పీల్చకుండా మళ్ళీ ఒకటో పేజీ అందుకున్నారు. పిల్లి తినడం అందుకుంది.

సుశీల టీచరు తలుపు చప్పుడు కాకుండా మూసింది. రోజుకో పేజీ ఎందుకు పెరుగుతోందో ఆమెకి అప్పుడు తెలిసింది. పళ్ళెం ఖాళీ అయ్యాక, పిల్లి లోపలికి పోయాక, ఆయన గొంతు సవరించుకుని వెనక్కి చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది టీచరు, గొంతు తగ్గించి. తగ్గించడం ఆమెకి అలవాటు లేదు గనక అది ఉత్త గాలిలా వచ్చింది.

"మూడో రోజు నుంచమ్మా. చదువుతున్నంతసేపే తింటది. మొదట నాలుగు పేజీలే రాశా, నాలుగు పేజీలకి పావు పళ్ళెం కూడా కాలేదు." ఆయన కాగితాలు సర్దుకున్నారు. "దానికి మనుషులంటే భయం లేదు టీచరమ్మా. ఉన్నట్టుండి వచ్చేదంటే భయం. మొరుగుడు, తలుపు చప్పుడు, మీ ఈల..."

"నా ఈలా?"

"మీ ఈల చానా."

ఆమె ఈల తీసి హ్యాండ్‌బ్యాగులో పడేసింది.

మర్నాడు బాజీ గారు పట్టుపావడా రద్దు చేయించడానికి కుట్టుమిషను శాంతమ్మ ఇంటికెళ్ళారు. చిన్న ఇల్లు, ఒంటరి మనిషి, అరవై దాటిన వయసు. పొద్దున ఎనిమిదింటికి మిషను మీద కూర్చుంటే చీకటి పడేదాకా జాకెట్లు కుడుతూనే ఉంటుంది. బాజీ గారు గుమ్మంలో నిలబడిపోయారు. మోటారు మిషను ర్‌ర్‌ర్ మంటోంది. ఎత్తు లేదు, పల్లం లేదు, ఆగడం లేదు. ఆయన అరగంట విన్నారు.

"ఏం కావాలి నాయనా? అంతసేపు నిలబడ్డావు, ఆది జాకెట్టు తేలేదా?" అంది శాంతమ్మ.

"పిల్లిని పెంచుకుంటావామ్మా?"

"పెంచుకుంటా. ఎలకలు గుడ్డలన్నీ కొరికి పోగులు పెడుతున్నయ్. పడతదా?"

"పట్టవలెనన్న నిర్బంధం లేదు."

"మరేం చేసిద్ది?"

"ఉండిద్ది."

శాంతమ్మ మిషను ఆపి దారం తెంపింది. "సరేలే, నేను మాత్రం ఏం చేస్తున్నా" అని మళ్ళీ తొక్కింది.

ఆదివారం సుశీల టీచరు సదరుని మూత ఉన్న అట్టపెట్టెలో పెట్టి శాంతమ్మ ఇంటికి తెచ్చింది. బాజీ గారు పద్నాలుగు పేజీల దస్తావేజూ సిరా దిమ్మా తెచ్చారు. శాంతమ్మ బొటనవేలు ముందుకి చాపింది.

"ఎక్కడ ఎయ్యాలో చెప్పు నాయనా, ఏసేస్తా. జాకెట్లు ఉన్నయ్."

బాజీ గారు సిరా దిమ్మ వెనక్కి లాగేసుకున్నారు. ఆయన గొంతు పెరగడం టీచరు అదొక్కసారే విన్నది. "వినకుండా ఏలు పెట్టమాక తల్లీ! ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే!"

"అబ్బో! అయితే నువ్వు చదూకో, నేను కుట్టుకుంటా."

ఆమె కుడుతోంది, ఆయన చదువుతున్నారు. రెండూ ఒకటే వరస. ఏది గొంతో ఏది మిషనో టీచరుకి కాసేపటికి తెలియలేదు. రెండుసార్లు ఆమెకి కునుకు పట్టింది. "తూర్పు: కుట్టుమిషను. పడమర: గుడ్డల మూట. ఉత్తరం: పాలగిన్నె. దక్షిణం: శాంతమ్మ గారి మంచం. ఈ హద్దుల నడుమ సదరు పిల్లి యథేచ్ఛగా అనుభవించుకొనవచ్చును..." తొమ్మిదో పేజీలో పెట్టె మూత కదిలింది. పదకొండో పేజీలో ఒక ముక్కు బయటికొచ్చింది. పన్నెండులో సదరు గోడ వెంబడే నడిచి, గుడ్డల మూట వాసన చూసి, మిషను కింద శాంతమ్మ ఎడమకాలి పక్కన ఒదిగి పడుకుంది. ఎవరూ కదల్లేదు. శాంతమ్మ ఆగి అంచు మడవాల్సిన చోట కూడా ఆగకుండా అదే కుట్టు తిన్నగా పోనిచ్చింది. ఆ జాకెట్టు తర్వాత మొత్తం విప్పి కుట్టాల్సొచ్చింది.

చదవడం అయ్యాక శాంతమ్మ వేలిముద్ర వేసింది. బాజీ గారు సిరా దిమ్మ పట్టుకుని మిషను కిందికి చూశారు. టీచరు కళ్ళురిమింది. ఆయన దిమ్మ మూసి, అడుగున ఇలా రాసుకున్నారు: "సదరు పిల్లి యావత్తూ విని, లేచి పోనందున, సమ్మతించినట్టే."

నెల తిరిగాక డాక్టరమ్మ వెళ్ళి చూసొచ్చింది. బరువు పెరిగిందట. ఎలకల్ని పట్టడం మాట అటుంచి, గుడ్డలు కొరికే పనిలో అదీ ఒక చెయ్యి వేస్తోందట. సుశీల టీచరు సంతోషంగా ఆ దస్తావేజు నకలు ఫైల్లో పెట్టబోతూ, మొదటిసారి తీరిగ్గా కళ్ళతో చదివింది. చదివి, ఫైలు చంకన పెట్టుకుని రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచకి వచ్చింది.

"ఏందండీ బాజీ గారూ! చీపురు రాశారు, టోపీ రాశారు, టపాసులు రాశారు. అసలైన షరతు ఏది? 'కుదరకపోతే పిల్లిని తిరిగి తెచ్చి అప్పగించవలెను' అని ప్రతి ఫారంలో ఉంటది. పద్నాలుగు పేజీల్లో ఆ ఒక్క ముక్క రాయడం మర్చిపోతారా?"

బాజీ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అది రాస్తే దానికీ చదివి వినిపించాలి గదమ్మా."